కాంట్రాలో 1 ఉంది, 3 ఉంది, మరి 2 ఏది? వరుసగా ఆడాలంటే ఎలా?

తుంగభద్ర_77

కాంట్రా యానివర్సరీ కలెక్షన్‌ని (కోనామీ కంపెనీ తన పాత కాంట్రా కాల్పుల గేముల్ని ఒకచోట పెట్టి అమ్మినది) మొదటి నుంచి చివరిదాకా వరుసగా ఆడదామని తెరిస్తే జాబితాలో పది పేర్లు కనిపిస్తున్నాయి. కాంట్రా అన్న పేరే మూడుసార్లు ఉంది. సూపర్ కాంట్రా ఒకటి, సూపర్ సీ ఒకటి, ఆ తర్వాత ఏకంగా కాంట్రా 3. ఆపరేషన్ సీ, హార్డ్ కోర్ అని ఇంకో రెండు. వీటికి తోడు ప్రోబొటెక్టర్, సూపర్ ప్రోబొటెక్టర్.

నా సందేహాలు ఇవి. రెండో భాగం అసలు ఉందా, లేక ఇందులో పెట్టలేదా? సూపర్ కాంట్రా, సూపర్ సీ ఒకటేనా? ప్రోబొటెక్టర్ వేరే సిరీసా? కాంట్రా ఫోర్స్, కాంట్రా 4 కూడా ఉన్నాయంటారు, అవి ఎక్కడ కలుస్తాయి? పాత టీవీ గేమ్ క్యాసెట్ల మెనూలో కాంట్రా 2, కాంట్రా 5, సూపర్ మారియో 14 లాంటివి ఉండేవి కదా, అవి లెక్కలోకి వస్తాయా?

ఎనిమిది_బిట్లు

పేర్లు పది, గేములు మాత్రం ఐదే. ముందు ఇది పట్టుకోండి, సగం చిక్కు ఇక్కడే విడిపోతుంది.

మొదటిది కాంట్రా. 1987లో ఆర్కేడ్ మెషీన్ మీద వచ్చింది, 1988లో ఇంట్లో ఆడే నింటెండోకి (జపాన్‌లో దాని పేరు ఫ్యామికామ్, అమెరికాలో ఎన్‌ఈఎస్) వచ్చింది. మీ జాబితాలో ఉన్న మూడు కాంట్రాలూ దీని రూపాలే: ఆర్కేడ్‌ది, అమెరికా ఎన్‌ఈఎస్‌ది, జపాన్ ఫ్యామికామ్‌ది. ఆర్కేడ్‌దాన్ని చూడగానే గుర్తుపట్టొచ్చు. ఆ మెషీన్ తెర నిలువుగా ఉండేది కాబట్టి మన టీవీలో ఆట సన్నగా మధ్యలో కనిపించి రెండు పక్కలా ఖాళీ మిగులుతుంది. మిగిలిన రెంటిలో ఏది ఏదో తెలియాలంటే మొదటి స్టేజీలో ఆగి వెనకున్న అడవిని చూడండి. ఆకులు ఊగుతుంటే ఫ్యామికామ్‌ది. గోడ మీద రంగు వేసినట్టు కదలకుండా ఉంటే అమెరికాది. మంచు స్టేజీలోనూ అంతే, ఫ్యామికామ్‌దాంట్లో మంచు కురుస్తుంటుంది, రెండోదాంట్లో కురవదు.

ఈ తేడా క్యాసెట్ లోపలి చిప్పుది. జపాన్ క్యాసెట్లో కోనామీ తన సొంత వీఆర్‌సీ2 చిప్పు పెట్టుకుంది, దానితో వెనకాల బొమ్మల పలకలు చకచకా మార్చొచ్చు. అమెరికా క్యాసెట్ సాదా బోర్డు మీద వచ్చింది. అందుకే మొదట్లో కథ చెప్పే బొమ్మలు, స్టేజీకీ స్టేజీకీ మధ్య వచ్చే మ్యాపు కూడా అందులో పోయాయి. ఆట మాత్రం అదే, స్టేజీలు ఎనిమిదే. ఒకటి ఆడితే రెండోది ఆడినట్టే.

రెండో భాగం ఉంది, పేరులో 2 లేదు అంతే. 1988లో ఆర్కేడ్‌లో సూపర్ కాంట్రా వచ్చింది. 1990లో అది ఫ్యామికామ్‌కి అదే పేరుతో, అమెరికా ఎన్‌ఈఎస్‌కి సూపర్ సీ అనే పొట్టి పేరుతో వచ్చింది. కాబట్టి రెండూ ఒకటేనా అంటే కథ ఒకటే, ఆట సరిగ్గా ఒకటే కాదు. ఆర్కేడ్‌దాంట్లో 5 స్టేజీలు, ఎన్‌ఈఎస్‌దాంట్లో 8. మొదటి కాంట్రాలో సొరంగం లోపలికి ఎదురుగా కాలుస్తూ పోయే స్టేజీలు ఉంటాయి కదా, ఇందులో వాటి బదులు పైనుంచి చూసే స్టేజీలు పెట్టారు. వరుసలో ఆడడానికి సూపర్ సీ తీసుకోండి, ఆర్కేడ్‌ది తీరిక ఉంటే చూడొచ్చు.

అసలు గందరగోళం మూడో భాగం దగ్గర మొదలైంది. 1992లో సూపర్ నింటెండో మీద వచ్చిన గేముకి జపాన్‌లో పేరు కాంట్రా స్పిరిట్స్. నంబరు లేదు. అదే గేముని అమెరికాలో అమ్మేటప్పుడు కాంట్రా 3: ది ఏలియన్ వార్స్ అన్నారు. కాంట్రా ఒకటి, సూపర్ సీ రెండు, కాబట్టి ఇది మూడు అని లెక్క. ఈ లెక్కలో 1991లో గేమ్‌బాయ్ మీద వచ్చిన ఆపరేషన్ సీ తప్పిపోయింది. చేతిలో పట్టుకునే మెషీన్‌ది కాబట్టి పక్కన పెట్టేశారు. ఆ ఆపరేషన్ సీకి జపాన్‌లో పేరేంటో తెలుసా? ఉత్త కాంట్రా. తేడా అల్లా రాతలోనే. మొదటి గేము పేరు మూడు చైనా అక్షరాల్లో రాస్తారు, గేమ్‌బాయ్‌ది కటకానా లిపిలో రాస్తారు. నోటితో పలికితే రెండూ ఒకటే. జపాన్ వాళ్లకి అట్ట చూస్తే తెలిసిపోతుంది, తర్జుమా చేసుకుని చదివే మనకి అక్కడే దారి తప్పుతుంది.

ఐదోది హార్డ్ కోర్, 1994లో సెగా మెషీన్ మీద వచ్చింది. దీనికి ఎక్కడా నంబరు లేదు. పాత హీరోలు బిల్, లాన్స్ ఉండరు. రే, షీనా, ఫాంగ్, బ్రౌనీ అని నలుగురిలో ఒకరిని ఎంచుకోవాలి. మధ్యలో దారి చీలుతుంది, ముగింపులు కూడా ఒకటి కాదు. ఐదింటిలో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఇదే, కానీ మొదట దీనితో మాత్రం మొదలుపెట్టకండి.

ఆడే వరుస: కాంట్రా (అమెరికాది గానీ ఫ్యామికామ్‌ది గానీ ఏదో ఒకటి), సూపర్ సీ, ఆపరేషన్ సీ, కాంట్రా 3, హార్డ్ కోర్. కథ జరిగే కాలం కూడా ఇదే వరుసలో ఉంటుంది. మొదటిది 2633లో, రెండోది 2634లో, కాంట్రా 3 2636లో.

చీట్ కోడ్ గురించి కూడా చెప్పేస్తా, ఎందుకంటే పేర్ల గందరగోళంలో చాలామంది ఒక గేము కోడ్ ఇంకోదాంట్లో కొట్టి పనిచెయ్యలేదంటారు. కాంట్రాలో టైటిల్ తెర మీద పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బీ, ఏ, స్టార్ట్. 30 లైఫులు వస్తాయి. ఇద్దరు ఆడాలంటే ఏ తర్వాత ఒకసారి సెలెక్ట్ నొక్కి అప్పుడు స్టార్ట్. సూపర్ సీలో ఇది పనిచెయ్యదు, దానిది వేరే: కుడి, ఎడమ, కిందికి, పైకి, ఏ, బీ, స్టార్ట్. ఇచ్చేది 10 లైఫులే. పాత టీవీ గేమ్ రిమోట్ మీద కొడుతుంటే పైవరసలో ఉండే టర్బో బటన్లు ముట్టుకోవద్దు. టర్బో ఒక్కసారి నొక్కినా లోపల బీ, బీ, బీ అని నాలుగైదుసార్లు వెళ్తుంది, కోడ్ అక్కడే తెగిపోతుంది.

రోబో_రెండోవాడు

పైన చెప్పింది సరిగ్గా ఉంది. ప్రోబొటెక్టర్ సంగతి నేను పూర్తి చేస్తా, ఎందుకంటే ఈ సిరీస్‌లో మనిషిని నిజంగా తికమక పెట్టే పేరు అదే.

ప్రోబొటెక్టర్ వేరే సిరీస్ కాదు. యూరప్‌లో అమ్మిన కాంట్రాకి పెట్టిన పేరు. జర్మనీలో పిల్లలకి హానికరం అనుకున్న ఆటల జాబితా ఒకటి ప్రభుత్వం తరఫున ఉండేది. అందులో పడితే ఆ గేముకి ప్రకటనలు వెయ్యకూడదు, పిల్లలకి అమ్మకూడదు. మనుషులు మనుషుల్ని కాల్చే ఆట అందులో పడే ప్రమాదం ఉంది. అందుకని కోనామీ యూరప్ మొత్తానికీ హీరోలనీ, శత్రు సైనికుల్లో చాలామందినీ రోబోలుగా మార్చేసింది. బిల్, లాన్స్ పోయి ఆర్‌డీ008, ఆర్‌సీ011 అనే రెండు రోబోలు వచ్చాయి. స్టేజీలు, సంగీతం, గురిపెట్టే పద్ధతి, చివర్లో గ్రహాంతర రాక్షసులు అన్నీ అవే.

ఇక్కడిదాకా తేలికే. చిక్కు ఏంటంటే, ఉత్త ప్రోబొటెక్టర్ అనే పేరుతో మూడు వేర్వేరు గేములు ఉన్నాయి. ఎన్‌ఈఎస్ మీద ప్రోబొటెక్టర్ అంటే మొదటి కాంట్రా. గేమ్‌బాయ్ మీద ప్రోబొటెక్టర్ అంటే ఆపరేషన్ సీ. మెగా డ్రైవ్ (పైన చెప్పిన సెగా మెషీన్) మీద ప్రోబొటెక్టర్ అంటే హార్డ్ కోర్. ముగ్గురికీ ఒకే పేరు పెట్టి ఊరి పేరు చెప్పకుండా పిలిచినట్టు, మెషీన్ పేరు చెప్పకుండా ప్రోబొటెక్టర్ అంటే ఏదో తేలదు. మీ కలెక్షన్‌లో ఉన్నది మెగా డ్రైవ్‌ది, అంటే హార్డ్ కోర్. కాంట్రా మొదటి భాగం అనుకుని దాన్ని తెరిస్తే నేరుగా ఐదో గేములో పడతారు. సూపర్ ప్రోబొటెక్టర్ అంటే కాంట్రా 3.

అడిగారు కాబట్టి చెప్తున్నా, మీరు వెతుకుతున్న ఆ 2 అంకె దొరికేది కూడా యూరప్‌లోనే. సూపర్ సీని అక్కడ ప్రోబొటెక్టర్ 2: రిటర్న్ ఆఫ్ ది ఈవిల్ ఫోర్సెస్ అని అమ్మారు. కాంట్రా అన్న పేరు పక్కన 2 రాలేదు గానీ ప్రోబొటెక్టర్ పక్కన వచ్చింది.

గ్రైజర్ అనే పేరు ఎక్కడైనా కనిపిస్తే అది కూడా మొదటి కాంట్రానే. యూరప్‌లో ఆర్కేడ్‌కీ, కామొడోర్ 64, స్పెక్ట్రమ్ లాంటి ఇంటి కంప్యూటర్ల వెర్షన్లకీ ఆ పేరు వాడారు. రోబోలు అప్పటికి రాలేదు, అందులో మనుషులే ఉంటారు.

కాబట్టి మీ పది ఇలా విడిపోతాయి: మొదటి కాంట్రా మూడు రూపాల్లో, రెండోది రెండు రూపాల్లో (సూపర్ కాంట్రా, సూపర్ సీ), కాంట్రా 3 రెండు రూపాల్లో, హార్డ్ కోర్ రెండు రూపాల్లో, ఆపరేషన్ సీ ఒక్కటే. మూడు, రెండు, రెండు, రెండు, ఒకటి.

కాంట్రా ఫోర్స్ ఈ కలెక్షన్‌లో లేదు, ఉండకపోయినా వరుసకి నష్టం లేదు. అది 1992లో అమెరికా ఎన్‌ఈఎస్‌కి మాత్రమే వచ్చింది. కాంట్రాగా పుట్టిన గేము కాదు. జపాన్‌లో ఆర్క్ హౌండ్ అనే పేరుతో తయారవుతూ ఆగిపోయినదానికి అమెరికాలో కాంట్రా పేరు తగిలించారు. ఒక్క గ్రహాంతరవాసి కూడా ఉండడు. రేవు, గోదాములు, ఉగ్రవాదులు, బర్న్స్, స్మిత్, ఐరన్, బీన్స్ అని నలుగురు. డబ్బా కాల్చి తుపాకీ తీసుకోవడం ఉండదు, బ్రీఫ్‌కేసులు ఏరుకుంటే కింద ఉన్న పట్టీలో గుర్తు ఒక్కో గడి జరుగుతుంది, కావలసిన గడి దగ్గర నొక్కి తీసుకోవాలి. తెర మీద నలుగురైదుగురు చేరితే ఆట నత్తనడక నడుస్తుంది. మీ టీవీదో కంట్రోలర్‌దో తప్పనుకోకండి, ఆ గేమే అంత.

కాంట్రా 4 మాత్రం అసలైన సీక్వెల్. 2007, నింటెండో డీఎస్, వేఫార్వర్డ్ వాళ్లు చేసింది. కథ 2638లో, అంటే కాంట్రా 3కి రెండేళ్ల తర్వాత. అమెరికా లెక్కలో 3 ఉంది కాబట్టి దీనికి 4 పెట్టారు. జపాన్‌లో 3 అనే నంబరే లేదు కాబట్టి అక్కడ 4 అంటే అర్థం ఉండదు, అందుకే అక్కడ కాంట్రా డ్యూయల్ స్పిరిట్స్ అయింది. కాంట్రా స్పిరిట్స్‌కి తరువాయి అని ఆ పేరే చెబుతుంది. నంబరు కంటే ఇదే మేలైన పద్ధతి అని నా అభిప్రాయం.

ఒక సరదా చిక్కు కూడా అందులో ఉంది. 1988లో అమెరికా ఎన్‌ఈఎస్ మాన్యువల్‌లో కథని అప్పటి కాలానికి మార్చి, హీరోలకి మ్యాడ్ డాగ్, స్కార్పియన్ అని మారుపేర్లు పెట్టారు. కాంట్రా 3 అమెరికా మాన్యువల్‌లోనేమో హీరోలు జింబో, సల్లీ, వీళ్లు ఆ పాత హీరోల వంశం వాళ్లు అన్నారు. జపాన్‌లో మొదటి నుంచీ బిల్, లాన్సే, వంశం ఏమీ లేదు. పాత మాన్యువల్ చదివి కథ పేర్చుకుంటే అందుకే పొసగదు. కాంట్రా 4లో ఆ మారుపేర్లని పారెయ్యకుండా మ్యాడ్ డాగ్, స్కార్పియన్ అనే ఇద్దరు వేరే సైనికుల్ని పెట్టి సర్దేశారు.

1996 నాటి లెగసీ ఆఫ్ వార్, 1998 నాటి సీ: ది కాంట్రా అడ్వెంచర్ అనే రెండు ప్లేస్టేషన్ గేములు జపాన్‌లో విడుదలే కాలేదు. 2002లో ప్లేస్టేషన్ 2కి జపాన్ కోనామీ చేసిన షాటర్డ్ సోల్జర్‌కి అక్కడ పేరు షిన్ కాంట్రా, అంటే నిజమైన కాంట్రా. లెగసీ ఆఫ్ వార్, సీ: ది కాంట్రా అడ్వెంచర్ రెంటినీ మీరు వదిలెయ్యొచ్చు. 2011 నాటి హార్డ్ కోర్: అప్‌రైజింగ్ పేరులో కాంట్రా లేదు గానీ అది హార్డ్ కోర్‌కి ముందు కథ.

తుంగభద్ర_77

చాలా స్పష్టంగా ఉంది, ఇద్దరికీ కృతజ్ఞతలు. మెగా డ్రైవ్ ప్రోబొటెక్టర్ విషయం చెప్పకపోతే దాంతోనే మొదలుపెట్టేవాణ్ని. క్యాసెట్ల సంగతి, మారియో 14 సంగతి ఎవరికైనా తెలుసా? మారియో 2 కూడా రెండు రకాలని విన్నాను.

క్యాసెట్_పెట్టె

క్యాసెట్లలో ఉన్న నంబర్లు రెండు రకాలు, రెంటినీ విడిగా చూడాలి.

ఒకటి, 64-ఇన్-1, 9999-ఇన్-1 లాంటి క్యాసెట్లలో మెనూ నింపడానికి వేసిన నంబర్లు. లోపల నిజంగా ఉండేవి కొన్నే గేములు. ఒకే కాంట్రాని మొదలయ్యే స్టేజీ, లైఫుల సంఖ్య, చేతిలో ఉండే తుపాకీ మార్చి నాలుగైదు పేర్లతో పెట్టేవాళ్లు. కాంట్రా 2 నొక్కితే రెండో స్టేజీ నుంచి, ఇంకోటి నొక్కితే చేతిలో ఎస్ గన్‌తో (గుళ్లు విసనకర్రలా చెదిరే తుపాకీ) మొదలవుతుంది. తేల్చుకోవడం తేలిక. ఆట మొదలవగానే అడవి, నాలుగడుగులు వేస్తే పేలిపోయే వంతెన ఉంటే అది మొదటి కాంట్రా, మెనూలో ఏ నంబరు ఉన్నా సరే. మనుషులు హెలికాప్టర్ నుంచి దూకితే సూపర్ సీ. ఈ రెండూ కాకపోతే అప్పుడు అనుమానించాలి. కాంట్రా స్పిరిట్స్‌ని కూడా 8-బిట్‌కి కుదించి దొంగ క్యాసెట్ చేశారు, అది కోనామీది కాదు. టైటిల్ తెర అడుగున కోనామీ పేరు, సంవత్సరం ఉన్న వరస చెరిపేసి ఉంటే చాలావరకు అది మార్చిన కాపీయే.

రెండు, వేరే కంపెనీ గేములో హీరో తల మార్చి మారియో అని అమ్మినవి. సూపర్ మారియో 14 అసలు కైకెత్సు యాంచామారు 3 అనే జపాన్ గేము. మారియో 6 అన్నది టైనీ టూన్ అడ్వెంచర్స్. కుందేలు పిల్ల బొమ్మ తీసి మారియో బొమ్మ పెట్టారు, మిగతాదంతా అలాగే ఉంచారు. ఆట ఆడే తీరు చూస్తే తెలిసిపోతుంది. మారియో చేతిలో కర్ర ఉన్నా, ఎక్కడా పైపులూ ప్రశ్న గుర్తు పెట్టెలూ లేకపోయినా అది నింటెండో మారియో కాదు. వీటికి సిరీస్‌లో చోటు లేదు.

అసలు మారియో 2 దగ్గర మాత్రం నింటెండోనే రెండు గేముల్ని ఆ పేరుతో అమ్మింది. జపాన్‌లో 1986 జూన్‌లో ఫ్యామికామ్‌కి తగిలించే డిస్క్ సిస్టమ్ మీద వచ్చిన సూపర్ మారియో బ్రోస్ 2 చూడ్డానికి మొదటిదానిలాగే ఉంటుంది. పుట్టగొడుగుల్లో విషంది కలిపారు, గాలి తోస్తుంది, లుయీజీ ఎక్కువ ఎత్తు ఎగిరి నేల మీద జారతాడు. బాగా కష్టం. అమెరికాకి అది మరీ కఠినం అనుకుని పంపలేదు. దాని బదులు 1987లో జపాన్‌లో ఫుజీ టీవీ ఉత్సవం కోసం చేసిన యుమె కోజో: డోకి డోకి పానిక్ అనే గేము తీసుకున్నారు. అందులో ఇమాజిన్, లీనా, అమ్మ, నాన్న అని ఒక కుటుంబం. వాళ్ల స్థానంలో మారియో, ప్రిన్సెస్, లుయీజీ, టోడ్‌ని పెట్టి, బీ నొక్కితే పరిగెత్తే సౌకర్యం చేర్చి, 1988లో అమెరికాలో సూపర్ మారియో బ్రోస్ 2 అని విడుదల చేశారు. నేలలోంచి కూరగాయలు పీకి విసిరే మారియో అదే.

ఆ అమెరికా 2 తిరిగి 1992లో జపాన్‌కి సూపర్ మారియో యూఎస్ఏ అన్న పేరుతో వెళ్లింది. జపాన్ 2 ఏమో 1993లో సూపర్ మారియో ఆల్-స్టార్స్‌లో ది లాస్ట్ లెవెల్స్ అన్న పేరుతో అమెరికాకి వచ్చింది. కాబట్టి ఎవరైనా మారియో 2 అంటే కూరగాయలా, విషపు పుట్టగొడుగా అని అడగండి, ఒక్క మాటలో తేలిపోతుంది.

గేమ్‌బాయ్ అడ్వాన్స్ మీద ఇంకా దారుణం. సూపర్ మారియో అడ్వాన్స్ అంటే అమెరికా మారియో 2. అడ్వాన్స్ 2 అంటే సూపర్ మారియో వరల్డ్. అడ్వాన్స్ 3 అంటే యోషీస్ ఐలాండ్. నాలుగోదాని అట్ట మీద పూర్తి పేరు సూపర్ మారియో అడ్వాన్స్ 4: సూపర్ మారియో బ్రోస్ 3. ఒకే పేరులో 4, 3 రెండూ ఉంటాయి. మొదటి నంబరు ఆ మెషీన్‌లో ఎన్నో విడుదలో చెబుతుంది, రెండోది అసలు గేముది. ఆడడానికి రెండోదే చూసుకోవాలి.

మాయాఖడ్గం

దారం ఇంతదాకా వచ్చింది కాబట్టి ఫైనల్ ఫాంటసీ కూడా ఇక్కడే ఉంటే తర్వాత వెతికేవాళ్లకి పనికొస్తుంది. ఇక్కడ నంబరు తప్పితే వేరే గేము గైడ్ చదువుతూ గంటలు పోతాయి.

జపాన్‌లో 1 నుంచి 6 దాకా వరుసగా వచ్చాయి. అమెరికాకి 1 వచ్చాక 2, 3 రాలేదు. నాలుగోది 1991లో అక్కడికి వెళ్లినప్పుడు దానికి 2 అని పేరు పెట్టారు. ఐదోది వెళ్లలేదు. ఆరోది 1994లో వెళ్లి 3 అయింది. 1997లో ఏడోది వచ్చేసరికి ఇక లెక్క మార్చకుండా 7 అనే పెట్టారు. అమెరికాలో ఆడేవాళ్లకి 3 తర్వాత నేరుగా 7. మధ్యలో 4, 5, 6 ఏమయ్యాయని అప్పట్లో ఎంతోమంది వెతికారు.

పాత గైడ్ దొరికితే మొదటి పది నిమిషాల ఆట చూసి తేల్చుకోండి. నల్ల కవచం వేసుకున్న సెసిల్ అనే యోధుడు గాలి ఓడల దండుతో మొదలైతే అది 4, అట్ట మీద 2 అని ఉన్నా సరే. మంచులో యంత్రాల మీద ముగ్గురు నడుస్తూ మొదలైతే అది 6, అట్ట మీద 3 అని ఉన్నా సరే. అసలైన 2లో లెవెల్ అనేది ఉండదు. కత్తి వాడితే కత్తి నైపుణ్యం పెరుగుతుంది, దెబ్బలు తింటే ప్రాణం పెరుగుతుంది. లెవెల్ ఎంతకి చేరాలి అని రాసిన గైడ్ అసలు 2ది కానే కాదు.

ఆ 2 ఇంగ్లీషులో అధికారికంగా వచ్చింది 2003లో ప్లేస్టేషన్ ఆరిజిన్స్‌లో. అసలు 3 వచ్చింది 2006లో డీఎస్ మీద, త్రీడీలో. 5 వచ్చింది 1999లో ప్లేస్టేషన్ ఆంథాలజీలో. ఇప్పుడు దొరికే పిక్సెల్ రీమాస్టర్లన్నీ (ఆ పాత గేములకి కొత్తగా సరిచేసిన రూపాలు) జపాన్ నంబర్లే వాడతాయి, కాబట్టి కొత్తగా కొనేవాళ్లకి ఇబ్బంది లేదు. 1990ల నాటి సూపర్ నింటెండో క్యాసెట్ గానీ, అప్పటి పత్రిక గైడ్ గానీ చేతిలో ఉంటేనే ఈ తిరకాసు.

గేమ్‌బాయ్ మీద ఫైనల్ ఫాంటసీ పేరుతో ఉన్నవి ఇంకో గుంట. ఫైనల్ ఫాంటసీ లెజెండ్ మూడు భాగాలూ నిజానికి సాగా అనే వేరే సిరీస్. అమెరికాలో అప్పటికి పేరున్నది ఫైనల్ ఫాంటసీ కాబట్టి దాన్ని తగిలించారు. ఫైనల్ ఫాంటసీ అడ్వెంచర్ అంటే సేకెన్ డెన్సెత్సు మొదటి భాగం. దాని రెండో భాగం మనకి సీక్రెట్ ఆఫ్ మానా అన్న పేరుతో తెలుసు, అంటే రెండో భాగం పేరులో 2 లేదు, మొదటి భాగం పేరులో మానా లేదు. అదే అడ్వెంచర్‌ని యూరప్‌లో మిస్టిక్ క్వెస్ట్ అన్నారు. అమెరికాలో 1992లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ మిస్టిక్ క్వెస్ట్ మాత్రం పూర్తిగా ఇంకో గేము. యూరప్‌లో ఆ పేరు అప్పటికే వాడేశారు కాబట్టి అక్కడ దీన్ని మిస్టిక్ క్వెస్ట్ లెజెండ్ చేశారు. పాత క్యాసెట్ కొనేటప్పుడు మిస్టిక్ క్వెస్ట్ అని కనిపిస్తే అది గేమ్‌బాయ్ క్యాసెట్టా, సూపర్ నింటెండో క్యాసెట్టా అని చూడకుండా డబ్బు ఇవ్వొద్దు.

తుంగభద్ర_77

అద్భుతం. ఒక్కటే మిగిలింది. హార్డ్ కోర్ అమెరికాది మొదటి స్టేజీ దాటడమే కష్టంగా ఉంది. ప్రోబొటెక్టర్‌లో అదే గేము అన్నారు కదా, రోబోలు కాబట్టి దెబ్బలు ఎక్కువ తట్టుకుంటాయా?

రోబో_రెండోవాడు

తట్టుకోవు. ప్రోబొటెక్టర్‌లోనూ ఒక్క దెబ్బకే పోతారు, బొమ్మ మారింది తప్ప ఆట మారలేదు. తేలికైనది జపాన్‌ది, పేరు కాంట్రా: ది హార్డ్ కోర్. అందులో లైఫుకి మూడు దెబ్బలు తట్టుకుంటారు, కంటిన్యూలకి పరిమితి లేదు. కలెక్షన్‌ని అప్‌డేట్ చేసి చూడండి, జపాన్ వెర్షన్లు తర్వాత చేర్చారు. దాంతో దారులన్నీ ఒకసారి తిరిగి, ఏ బాస్ ఎటు దూకుతుందో చూసుకుని, అప్పుడు అమెరికాదానికి రండి. మొదటిసారి బ్రౌనీని తీసుకోండి. పొట్టివాడు కాబట్టి మిగతావాళ్లకి తగిలే గుళ్లు కొన్ని అతని తల మీదుగా పోతాయి, పైగా గాల్లో రెండోసారి ఎగరగలడు.